ఏ ఆత్మకూరు? సొంత వికీలో పేర్లూ లింకులూ

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఆత్మకూరు వస్తుంది. మండల కేంద్రం. నల్లమల అంచున, శ్రీశైలం దారిలో ఇంకో ఆత్మకూరు ఉంది; అది నంద్యాల జిల్లా. నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఏకంగా అసెంబ్లీ నియోజకవర్గం. తెలంగాణలో వనపర్తి జిల్లాకు ఒకటి, హనుమకొండకు ఒకటి, సూర్యాపేటకు ఒకటి, యాదాద్రి భువనగిరికి ఒకటి. ఈ చివరి రెండూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. అందుకని ఒకదాన్ని ఆత్మకూర్ (ఎస్) అనీ, రెండోదాన్ని ఆత్మకూర్ (ఎం) అనీ ప్రభుత్వమే అక్షరాలు తగిలించి విడదీసింది. బస్సెక్కేవారికి ఈ గొడవ లేదు, ఏ ఆత్మకూరో కండక్టరుకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు.

సొంతంగా వికీ పెట్టుకునేవారికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు ఇదే. ఊరి చెరువుల చరిత్ర పోగుచేసే ఉపాధ్యాయుడు కావచ్చు, వాన లెక్కలు రాసుకునే రైతు కావచ్చు, తాతల నాటి దస్తావేజులను ఫోటోలు తీసి భద్రపరుచుకునే ఇంటివాళ్లు కావచ్చు. రాసుకున్న ప్రతి కాగితానికీ ఒక పేరు పెట్టాలి, ఒకదాన్నుంచి మరొకదానికి లింకు వేయాలి. పది పేజీల దాకా ఎలా పెట్టినా నడుస్తుంది. వెయ్యి పేజీలయ్యాక పేరు తప్పుగా పెట్టిన పేజీ ఉండీ లేనట్టే. ఏ పద్ధతి మేలన్న దాని మీద ముప్పయ్యేళ్లుగా వాదనలు సాగుతున్నాయి గానీ, వాటిలో ఎక్కువభాగం ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకుని చేసినవి. తెలుగులో, అందునా ఊళ్ల పేర్లూ జిల్లాల హద్దులూ ఇన్నిసార్లు మారిన అనంతపురం గడ్డ మీద, ఆ పద్ధతులు ఎంతవరకు నిలుస్తాయో చూడాలి.

వికీని పుట్టించినవాడు వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామర్. 1995 మార్చి 25న మొదటి వికీని జనం ముందు పెట్టాడు. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే 'వికీ వికీ' బస్సు పేరునే దానికి పెట్టుకున్నాడు. లింకు కోసం ఆయన ఎంచుకున్న ఉపాయం చాలా తేలిక. రెండు మూడు ఇంగ్లిషు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ప్రతి మాటకూ మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాస్తే అదే లింకైపోతుంది. దీన్ని కేమెల్‌కేస్ అన్నారు. 2001 జనవరి 15న వికీపీడియా మొదలైనప్పుడూ ఇదే పద్ధతి. ఆ ఏడాదే రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఏ మాట రాసినా లింకయ్యే ఏర్పాటు వచ్చింది. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేని తెలుగుకు దారి దొరికింది అప్పుడే. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టేనాటికి బ్రాకెట్లు స్థిరపడిపోయాయి. ఈనాడు అబ్సిడియన్, లాగ్‌సెక్, టిడ్లీవికీ, జిమ్ లాంటి సొంత వికీ సాధనాలన్నీ ఆ జంట బ్రాకెట్లనే వాడుతున్నాయి.

బ్రాకెట్లు వచ్చినంత మాత్రాన తెలుగు కష్టాలు తీరలేదు. తెలుగులో పేరు ఒంటరిగా నిలబడదు, విభక్తి వెంటబెట్టుకుని తిరుగుతుంది. కదిరి, గుత్తి, తాడిపత్రి లాంటి పేర్లతో ఇబ్బంది లేదు. [[కదిరి]]కి, [[గుత్తి]]లో అని ప్రత్యయాన్ని బ్రాకెట్ బయట అతికిస్తే సరి. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఇంకాస్త మర్యాద చూపిస్తుంది. బ్రాకెట్‌ను ఆనుకుని ఉన్న తెలుగు అక్షరాలను కూడా లింకులో కలిపేసుకుని 'కదిరికి' అన్న మాట మొత్తాన్ని నీలిరంగులో చూపిస్తుంది. అసలు పేచీ 'అం'తో ముగిసే పేర్లతో. పాత అనంతపురం జిల్లాలో అవేమో కొల్లలు: అనంతపురం, ధర్మవరం, హిందూపురం, రాయదుర్గం, కళ్యాణదుర్గం, బుక్కపట్నం, బుక్కరాయసముద్రం. 'అనంతపురంలో' వరకు పేరు చెక్కుచెదరదు. 'అనంతపురానికి', 'అనంతపురాన్ని' అనగానే చివరి సున్న ఎగిరిపోయి దీర్ఘం వచ్చి కూర్చుంటుంది. [[అనంతపురం]]నికి అని ఎవరూ రాయలేరు. [[అనంతపురం|అనంతపురానికి]] అని నిలువు గీత పెట్టి, పేజీ పేరు ఒకటి, పైకి కనిపించే మాట ఒకటి, రెండూ రాయక తప్పదు.

ఇది చేతికి కాస్త శ్రమ, అంతే అనిపించవచ్చు. దెబ్బ తగిలేది వెతుకులాటలో. కొన్ని సాధనాలు లింకు వేయని చోట్ల కూడా పేజీ పేరు ఎక్కడెక్కడ వచ్చిందో తామే ఏరి చూపిస్తాయి. ఇంగ్లిషులో రాసుకునేవారు ఈ సదుపాయాన్ని తెగ మెచ్చుకుంటారు. తెలుగులో 'ధర్మవరానికి చీరలు కొనడానికి పోయాము' అన్న వాక్యంలో 'ధర్మవరం' అన్న అక్షరాల వరుస లేదు, కాబట్టి యంత్రానికి ఆ ఊరూ లేదు. చేత్తో వేసిన లింకు ఒక్కటే నమ్మదగింది. తెలుగులో సొంత వికీ రాసుకునేవారు యాంత్రిక సూచనల మీద ఆశ పెట్టుకోకుండా, పేరు రాసిన క్షణంలోనే బ్రాకెట్లు వేసే అలవాటు చేసుకోవాలని గట్టిగా చెప్పవలసి వస్తుంది.

యంత్రం సొంతంగా లింకులు వేయబోతే జరిగే తమాషా కూడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. పుట్టపర్తి దగ్గర కొత్తచెరువు ఒక మండల కేంద్రం. కదిరి వైపు నల్లచెరువు మరో మండలం. చెరువుల మీద నోట్సు రాసుకునేవారి పేజీల్లో 'కొత్త చెరువు' అన్న మాట ఊరి పేరుగానూ వస్తుంది, నిన్నమొన్న తవ్విన చెరువన్న అర్థంలోనూ వస్తుంది. రెంటికీ తేడా మధ్యనున్న ఒక్క ఖాళీ. ఆ ఖాళీని నిష్ఠగా పాటించే తెలుగు రచయిత ఎవరైనా ఉంటే చూడాలి.

పేర్ల దగ్గరికి వస్తే, ఒకే పేరున్న రెండింటిని విడదీయడానికి పక్కన ఏం తగిలించాలన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. తెలుగు వికీపీడియాలో వేల ఊళ్లకు పేజీలున్నాయి కాబట్టి అక్కడివారు దీనితో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. బ్రాకెట్లో జిల్లా పేరు పెట్టడం ఒక పద్ధతి, మండలం పేరు పెట్టడం మరో పద్ధతి. జిల్లా అందరికీ తెలుస్తుంది, చదవడానికి బాగుంటుంది. కాకపోతే జిల్లా అన్నది ఎప్పుడు మారుతుందో తెలియదు.

కదిరినే తీసుకుంటే, 1910 దాకా అది కడప జిల్లా. ఆ ఏడాది తాలూకాగా అనంతపురంలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి కదిరి అందులోకి పోయింది. అసలు అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి నుంచి విడివడింది. రాయదుర్గం, డి.హీరేహాళ్, కణేకల్లు ప్రాంతాలు 1950ల్లో బళ్లారి నుంచి వచ్చి కలిశాయి. పొరుగు జిల్లా కథ ఇంకా వింత: కడప 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. హనుమకొండ ఆత్మకూరు 2016 వరకు వరంగల్ జిల్లా, ఆ తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు. బ్రాకెట్లోని మాట మాత్రం అయిదేళ్లలో రెండుసార్లు అబద్ధమైంది.

మండలం ఇంతకంటే నయం. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాక 2022 జిల్లాల విభజనలో కూడా పాత అనంతపురం జిల్లాలోని 63 మండలాలను మండలాలుగానే ఇటు 31, అటు 32 పంచుకున్నారు. రాప్తాడు నియోజకవర్గం రెండు జిల్లాలకు చీలిపోయినా అందులోని మండలాలు చీలలేదు. అందుచేత ఊళ్ల వరకు 'ఊరి పేరు, పక్కన మండలం' అన్న వరస వీటన్నిటిలోకీ తక్కువ ప్రమాదకరం. ప్రమాదం లేనిది మాత్రం కాదు. తెలంగాణలో 2016 తర్వాత కొత్త మండలాలు ఎన్నో పుట్టుకొచ్చాయి. ఆఫీసు ఇచ్చిన మాట ఏదైనా ఆఫీసు వెనక్కి తీసుకోగలదు. జిల్లా, డివిజను, నియోజకవర్గం పేజీ లోపల రాసుకోవలసిన సంగతులు. పేరులో ఉండవలసింది ఆ వస్తువును విడిచిపోనిది. మండల కేంద్రమే అయిన ఆత్మకూరు లాంటి చోట అదీ కుదరకపోతే, అక్కడి మనిషి దాన్ని ఎలా గుర్తుపడతాడో అలాగే పెట్టుకోవచ్చు. సొంత వికీలో 'ఆత్మకూరు, కళ్యాణదుర్గం దారి' అని పేరు పెడితే ఆక్షేపించేవారెవరు?

పాతవాళ్లు కూడా ఈ మడతపేచీలోంచి నడిచినవాళ్లే. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలకు థామస్ మన్రో అనంతపురంలో కూర్చుని ఏడేళ్లు కలెక్టరీ చేశాడు. ఆ కాలంలోనే కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి కరణాల నోటా కవిలెల్లోంచీ రాయించిన కైఫీయతులనే గ్రామ చరిత్రలకు ఊరి పేరే తలకట్టు. ఊరు ఏ సీమలోదో లోపల రాశారు. ఆ సీమలు, ఆ సమతులు అనే పాత పాలన విభాగాలు ఈనాడు ఎవరికీ పట్టవు. ఊరి పేరు పట్టుకుని వెతికితే కైఫీయతు మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది.

ఇక అక్షరాల సంగతి. శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది పెనుకొండ, పశ్చిమ గోదావరిలో ఉన్నది పెనుగొండ. కానీ పాత రాతల్లో రాయలసీమ కోట కూడా పెనుగొండే. ఒక వికీలో రెండూ చేరితే 'గ'కూ 'క'కూ మధ్య రెండు జిల్లాల దూరం చెరిగిపోతుంది. తాడిపత్రిని తాడపత్రి అనేవారున్నారు. కళ్యాణదుర్గమా, కల్యాణదుర్గమా అన్నది ఒక రగడ. బళ్లారి, బళ్ళారి అన్నవి కంటికి ఒకటే గానీ 'ళ' కింద 'ల' వత్తు ఒకటి, 'ళ' వత్తు ఒకటి; యంత్రానికి అవి రెండు వేర్వేరు ఊళ్లు. ఈ నేల మీద అన్నిటికంటే ఎక్కువసార్లు రాయవలసిన మాటకే రెండు వర్ణక్రమాలున్నాయి: కొందరికి కరువు, కొందరికి కరవు. ఊరి పేరు విషయంలో జనం అనంతపురం అంటే సర్కారు కాగితాలు అనంతపురము అంటున్నాయి.

వీటిలో ఏది ఒప్పన్న చర్చ సొంత వికీకి అనవసరం. ఒకటి ఎంచుకుని, మిగతావన్నీ దానివైపు తిప్పేస్తే చాలు. ఇలా తిప్పే పేజీకి తెలుగు వికీపీడియాలో దారిమార్పు అని పేరు. అబ్సిడియన్‌లో అయితే పేజీ పైభాగాన మారుపేర్ల జాబితా రాసుకుంటే, లింకు టైపు చేసేటప్పుడు ఏ మారుపేరుతో మొదలెట్టినా అసలు పేజీని చూపిస్తుంది. రాయలసీమలో దారిమార్పులకు దొరికినంత సరుకు ఇంకెక్కడా దొరకదేమో. ఓబుళదేవరచెరువును ఆ నిండు పేరుతో పిలిచేవారు తక్కువ, ఓడీ చెరువు అంటేనే పలుకుతుంది. చెన్నేకొత్తపల్లి సీకే పల్లి. నంబులపూలకుంట ఎన్పీ కుంట. సోలార్ పార్కు వచ్చాక పత్రికల్లో కనిపించేదీ ఎక్కువగా ఆ పొట్టి పేరే. బుక్కరాయసముద్రం బీకే సముద్రం. పేజీకి నిండు పేరు, దారిమార్పుగా పొట్టి పేరు అన్నది ఇక్కడ సహజమైన ఏర్పాటు. పొట్టి పేరులోని అక్షరాలు దేనికి వచ్చాయో పదేళ్ల తర్వాత పిల్లలకు తెలియకపోవచ్చు, నిండు పేరు నుంచి పొట్టి పేరును ఎవరైనా పట్టుకోగలరు. పంటలకూ ఇదే వరస. పేజీ పేరు వేరుశనగ. శనక్కాయలు, బుడ్డలు, పల్లీలు అన్నీ దారిమార్పులు. కదిరి పరిశోధన స్థానం విడుదల చేసిన రకాన్ని ఒకరు కదిరి-6 అంటారు, ఇంకొకరు కె-6 అంటారు.

కంటికి కనిపించని అక్షరం ఒకటుంది, అది మరీ మాయలమారి. 'ఫేస్‌బుక్' అని పొల్లు విడిగా కనిపించేలా రాయడానికి 'స్' తర్వాత ఒక అదృశ్యాక్షరాన్ని చేరుస్తారు. యూనికోడ్‌లో దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే వత్తు పడి 'ఫేస్బుక్' అవుతుంది. ఒక కీబోర్డు దాన్ని తనే పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. కొన్నిచోట్ల అది పెట్టినా పెట్టకపోయినా మాట ఒకేలా కనిపిస్తుంది, ముఖ్యంగా పదం చివరి పొల్లు తర్వాత. 'రాయదుర్గ్' అని ఫోన్లో రాసిన పేజీ, ల్యాప్‌టాప్‌లో రాసిన పేజీ పక్కపక్కన రెండు నిలబడతాయి, అచ్చు గుద్దినట్టు. ఏది ఖాళీదో తెరిచి చూస్తే గానీ తెలియదు. పేజీ పేర్లలో ఈ అక్షరాన్ని వీలైనంత వరకు తప్పించడం, రాయదుర్గం, తాడిపత్రి లాగా పొల్లుతో ముగియని పేర్లనే ఎంచుకోవడం ఒక చిన్న జాగ్రత్త.

పొడవుకూ హద్దుంది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, మీడియావికీ పేజీ పేరు కూడా అంతే. తెలుగు సంకేతం ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది కాబట్టి అచ్చులూ హల్లులూ గుణింతపు గుర్తులూ అన్నీ కలిపి 85కు మించి పట్టవు. 'అనంతపురం' అన్న చిన్న మాటే ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. అదే వెబ్ చిరునామాలో శాతం గుర్తులతో మారితే 72 అక్షరాలవుతుంది. ఆ చిరునామాను వాట్సాప్‌లో పంపినప్పుడు కనిపించే అక్షరాల గుట్టను చూసి భయపడి ఇంగ్లిషు పేర్లకు మారిపోయేవారున్నారు. ఆ భయం అనవసరం. సొంత వికీ చిరునామాలు ఊరికి పంచిపెట్టేవి కావు, ఇంగ్లిషులోకి మారితే అనంతపుర్, అనంతపూర్, అనంతపురము అన్న తగాదా అక్కడ మళ్లీ మొదటికి వస్తుంది.

ఒకే పేరు, ఊరు కూడా ఒకటే, వస్తువులు మాత్రం వేరు. ఈ చిక్కుకు లేపాక్షి కంటే మంచి ఉదాహరణ దొరకదు. లేపాక్షి ఊరు, మండలం. లేపాక్షి అంటే వీరభద్రాలయం, ఏకశిలా నంది. ప్రభుత్వ హస్తకళల దుకాణాలన్నీ లేపాక్షే. కదిరి లేపాక్షి అంటే వేరుశనగ రకం, దాని అంకె పేరు కె-1812. ఒక పేజీలో ఇవన్నీ కుక్కితే గుడి గురించి చదువుతూ ఆకుమచ్చ తెగులు దగ్గర తేలతారు. తెలుగు వికీపీడియాలో ఇలాంటి చోట అయోమయ నివృత్తి పేజీ పెడతారు: ఫలానా పేరుతో ఇన్ని ఉన్నాయి, నీకు కావలసిందేదో ఎంచుకో అని. సొంత వికీలో అంత తతంగం అక్కర్లేదు. అందరూ మొదట అనుకునేదానికి ఉత్త పేరు ఇచ్చి, మిగతావాటికి లేపాక్షి వీరభద్రాలయం, లేపాక్షి దుకాణం, కదిరి లేపాక్షి అని మాటలాడే ధోరణిలోనే పేర్లు పెట్టి, మొదటి పేజీ పైన ఒక వాక్యంలో వాటికి లింకులిస్తే సరిపోతుంది. బ్రాకెట్ల కంటే ఈ పేర్లే మేలు, ఎందుకంటే వాక్యంలో అలాగే ఇమిడిపోతాయి. ధర్మవరం చీర అన్నది మనిషి నోట్లోంచి వచ్చే మాట. 'చీర (ధర్మవరం)' గుమాస్తా కలంలోంచి వచ్చేది.

మనుషుల పేర్లకు తెలుగులో ఇంటిపేరు ముందు రావడం కలిసొచ్చే సంగతి. తరిమెల నాగిరెడ్డి అని రాస్తే విజయా సంస్థ బి.నాగిరెడ్డితో గొడవ రాదు; ఉత్త 'నాగిరెడ్డి' అని లింకు వేస్తే కమ్యూనిస్టు నాయకుడు సినిమా నిర్మాత పేజీలో తేలవచ్చు. టి.నాగిరెడ్డి అని పొడి అక్షరంతో కుదించడం తప్పు. ఆ ఒక్క అక్షరం వెనక ఎన్ని ఇంటిపేర్లో. ఇంటిపేరే ఊరి పేరైన చోట ఇంకొంచెం మెలకువ కావాలి. తరిమెల శింగనమల మండలంలోని ఊరు, విద్వాన్ విశ్వం పుట్టిన ఊరూ అదే. విశ్వం అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. దాన్ని పేజీ పేరుగా పెడితే ఆయన్ని ఎవరూ కనుక్కోలేరు. లోకం పిలిచే పేరు పైన ఉండాలి, పుట్టినప్పటి పేరు దారిమార్పు కావాలి. బళ్లారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. ఆయన పేరులోని బళ్లారిని చూసి ఊరి పేజీకి లింకు వేసేస్తే యంత్రానిదైనా మనిషిదైనా తప్పే.

ఇన్ని పేచీలెందుకు, అంకెలు పెట్టేస్తే పోదా అన్నవారూ ఉన్నారు. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 చీటీలు రాసుకున్నాడు, ప్రతి చీటీకీ ఒక సంఖ్య. చీటీకి కొనసాగింపు రాయాలంటే సంఖ్య పక్కన అక్షరం, దానికి కొనసాగింపైతే మళ్లీ సంఖ్య. పేర్లు లేవు కనుక పేర్లు మారే బాధ లేదు. కాగితం పెట్టెల్లో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. తెర మీద మాత్రం దానికి పెద్ద విలువ కనిపించదు. లింకు చూడగానే అటువైపు ఏముందో తెలియకపోతే ఆ లింకు సగం పనే చేస్తున్నట్టు. పైగా బయట నుంచి తెచ్చుకున్న అంకెలన్నీ ఒకేలా నిలవవు. 1972లో వచ్చిన పిన్‌కోడ్ నిలిచింది: అనంతపురం 515001, కదిరి 515591, హిందూపురం 515201, జిల్లా చీలినా 515 చీలలేదు. 2011 జనగణనలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఇచ్చిన ఆరంకెల సంఖ్య ఊళ్లను విడదీయడానికి గట్టి ఆధారం. కానీ పొలాల సంగతి చూడండి. సర్వే నంబరుతో పేజీలు పెట్టుకున్నవారికి, 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు తెచ్చిపెట్టింది. రీసర్వే పూర్తయిన ఊళ్లో 112-2ఏ అన్న పేజీ ఏ రికార్డుతోనూ కలవదు. ఇంట్లోవాళ్లు ఆ పొలాన్ని ఎప్పుడూ నంబరుతో పిలవలేదు. బాయికాడ చేను, మర్రిమాను చేను అన్నారు. పేజీకి ఆ పేరే పెట్టి, సర్వే నంబరూ ఎల్‌పీఎం నంబరూ ఖాతా నంబరూ లోపల తారీఖులతో రాసుకున్నవారికి రీసర్వే ఒక్క పంక్తి పని.

తారీఖుల విషయంలో పెద్ద వాదన లేదు. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో 2024-07-15 అని రాస్తే పేజీలు కాలక్రమంలో తమంతట తామే నిలబడతాయి. 1988 నుంచి అంతర్జాతీయ ప్రమాణం అదే. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో మాత్రమే వాన పడే ఈ నేలలో వాన నోట్సుకు ఇంకో దారి కూడా ఉంది. ఇక్కడి సేద్యం కార్తెల మీద నడుస్తుంది. మృగశిరలో పదునైందా, ఆరుద్రలో విత్తనం పడిందా, పునర్వసు దాటిందా అన్నదే లెక్క. కార్తె సూర్యుణ్ణి బట్టి వచ్చేది కనుక ఇంగ్లిషు తారీఖుతో పోలిస్తే ఒకరోజు అటూ ఇటూ తప్ప జరగదు. '2024 ఆరుద్ర' అని పేజీ పెట్టి, రోజువారీ పేజీలను దానికి లింకు చేసుకుంటే పదేళ్ల ఆరుద్రలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చాంద్రమాన మాసాలతో ఇది కుదరదు, అధికమాసం వచ్చి లెక్క చెదరగొడుతుంది.

ఈమధ్య పేజీకి పేరు బదులు ఒక పూర్తి వాక్యం పెట్టడం వాడుకలోకి వస్తోంది. ఆండీ మతూషాక్ అనే డిజైనర్ 'ఎవర్‌గ్రీన్ నోట్స్' అన్న మాటతో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 'విత్తనం' అన్న పేజీలో ఏదైనా పడేయవచ్చు. 'పదును చాలకుండా విత్తితే మొలక పలచబడుతుంది' అన్న పేజీలో ఆ ఒక్క మాటకు సంబంధించిందే రాయగలం. ఇంగ్లిషులో ఇలాంటి పేరును వాక్యం మధ్యలో ఇరికించడానికి నానా తంటాలు పడాలి. తెలుగుకు 'అని' ఉంది. [[పదును చాలకుండా విత్తితే మొలక పలచబడుతుంది]] అని రైతులు చెప్పడం, దానికి పరిశోధన స్థానం వాళ్లు ఏమనడం... ఇలా ఎంత పొడవు వాక్యమైనా చెక్కుచెదరకుండా లింకై కూర్చుంటుంది. విభక్తుల దగ్గర తెలుగు పోగొట్టుకున్నది ఇక్కడ వడ్డీతో రాబట్టుకుంటుంది. 85 సంకేతాల హద్దును మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

లింకులు ఎన్ని వేయాలి? ప్రతి ఊరి పేరుకూ ప్రతిసారీ వేస్తే పేజీ నిండా నీలిరంగు తప్ప ఏమీ మిగలదు. ఒక పేజీలో మొదటిసారి వచ్చినప్పుడు వేస్తే చాలన్న వికీపీడియా ఆనవాయితీ సొంత వికీకీ సరిపోతుంది. ఇంకా రాయని పేజీకి లింకు వేయడానికి వెనకాడనక్కర్లేదు. ఎర్రలింకు అప్పుచీటీ లాంటిది. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో చూపిస్తుంది. మీడియావికీలో 'కోరిన పేజీలు' అన్న జాబితా ఆ ఎర్రలింకులను ఎక్కువసార్లు వచ్చినదాని నుంచి వరుసగా చూపిస్తుంది. చెరువుల మీద ఏడాది నోట్సు రాసుకున్నవారి జాబితాలో పైన తేలేది తూములు తీసే నీరుగట్టి పేజీయో, పూడిక పేజీయో కావచ్చు. తరువాత ఏం కనుక్కోవాలో అదే చెబుతుంది. 'ఇక్కడికి లింకున్న పేజీలు' ఇంకో మంచి సాధనం. అది చక్కగా పనిచేయాలంటే, లింకుకు ముందో వెనకో ఎందుకు లింకు వేశామో చెప్పే వాక్యం ఉండాలి. కింద 'ఇవి కూడా చూడండి' అని పేర్లు గుదిగుచ్చితే ఆరు నెలలకు రాసినవారికే అంతుబట్టదు.

ఫోల్డర్లూ అరలూ పెట్టి పేర్లలోనే వంశవృక్షం రాయడం చాలామందికి ఇష్టం: అనంతపురం, దాని కింద కదిరి, దాని కింద నల్లచెరువు. డోకువికీలోనూ జిమ్‌లోనూ పేజీ పేరే ఆ దారంతా మోస్తుంది. 2022 ఏప్రిల్‌లో అలాంటి వికీలో ఒక కొమ్మ మొత్తం నరికి ఇంకో చెట్టుకు అంటించాల్సి వచ్చేది. ఇక సీకే పల్లి దగ్గరి చెరువు పేజీ ఊరి అరలో ఉండాలా, చెరువుల అరలో ఉండాలా, శాసనాల అరలోనా? అన్నిటికీ చదునుగా ఒకే వరుసలో పేర్లుండి, సంబంధాలను లింకులకు వదిలేయడం మంచిదని తేలుతుంది. ఫోల్డర్లు లేకపోతే చేయి ఆడదనుకునేవారు ఊళ్లు, మనుషులు, తారీఖులు, దస్తావేజులు అని నాలుగైదింటితో ఆగితే పేచీ ఉండదు.

ఎంత జాగ్రత్తపడ్డా పేర్లు మార్చాల్సిన రోజు వస్తుంది. 1998లోనే వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ చిరునామాలు మార్చకూడదని ఒక వ్యాసమే రాశాడు. మార్చక తప్పనప్పుడు ఏం జరుగుతుందన్నది సాధనాన్ని బట్టి ఉంటుంది. మీడియావికీలో పేజీని తరలిస్తే పాత పేరు దగ్గర దారిమార్పు దానంతటదే మిగులుతుంది, పాత లింకులన్నీ నడుస్తూనే ఉంటాయి. అబ్సిడియన్, జిమ్‌లలో పేరు మారిస్తే ఆ పేరున్న లింకులన్నిటినీ వెతికి కొత్త పేరుతో తిరగరాస్తాయి. పాత పేరు మాత్రం మిగలదు, దాన్ని మారుపేరుగా చేత్తో చేర్చుకోవాలి. ఆ పనిని ఆ సాధనం లోపలే చేయాలి. ఫోన్లోని ఫైల్ మేనేజరు తెరిచి 'పెనుగొండ' ఫైలును 'పెనుకొండ' అని మారిస్తే వికీకి ఆ సంగతి తెలియదు. కోట, రాయల వేసవి విడిది, జైన గుడులు అని వేసుకున్న లింకులన్నీ ఎర్రబడి, లేని పెనుగొండ వైపు చూపిస్తూ ఉంటాయి.